మూడో భాగానికి ముందే వందన సమర్పణ

మన పట్టణంలో ఒక గొప్ప పియానో విద్వాంసురాలు ఉన్నదని కళాపోషక సంఘం కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించిన సంగతి పాఠకులకు విదితమే. ఆమె పందొమ్మిదేళ్లుగా ఇక్కడే, రోజుకు ఆరేసి గంటలు వాయిస్తూ ఉండేది గానీ, తీర్మానం లేనందున ఎవరికీ వినిపించలేదు. ఎక్కడో దూరదేశపు పోటీలో మొదటి బహుమతి వచ్చి, పేపర్లో ఫోటో పడ్డాకే మన చెవులు తెరుచుకున్నాయి.

సంఘం అధ్యక్షులవారిది ఆమె ఇంటి కింది వాటానే. "ఈ తల్లి సాధన చేస్తుంటే సీలింగుకేసి చూస్తూ మైమరచిపోయేవాణ్ణి" అని వారు ప్రతి సభలోనూ సెలవిస్తారు. సీలింగుకేసి చూసిన మాట నిజమే. చూసి, కర్రతో పొడిచేవారు కూడా. పెచ్చులూడిన ఆ చోటును ఇప్పుడు వచ్చినవాళ్లకు చూపిస్తున్నారు.

బహుమతి తర్వాత ఆమె కళాజీవితం ఊపందుకుంది. మొదటి నెలలో టైల్స్ దుకాణానికి ప్రారంభోత్సవం చేసింది. రెండో నెలలో ఆసుపత్రి లిఫ్టుకు రిబ్బను కత్తిరించి, అధ్యక్షులవారితో కలిసి మూడో అంతస్తు దాకా వెళ్లి వచ్చింది. బొద్దు పిల్లల పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చుని, ఓడిన పిల్లల తల్లుల చేత చీవాట్లు తింది. ఏడాదిలో ఇన్ని సభల్లో వాయించమన్నవారు ఒక్కరూ లేరు. వేళ్లు చూపించమన్నవారు మాత్రం బోలెడుమంది. ఒక పెద్దాయన పట్టుకుని, తిప్పి తిప్పి చూసి, "మామూలుగానే ఉన్నాయే" అని నిరాశపడ్డారు.

ఇంత గౌరవం జరిగాక కూడా ఆ అమ్మాయికి ఒక కోరిక మిగిలింది. మనిషి ఆశకు అంతెక్కడ? ఆమెకు నేర్పిన మాస్టారికి వినికిడి పోతోంది. మహా అయితే ఇంకో రెండు నెలలన్నాడు డాక్టరు. సొనాటా అని, భాగానికీ భాగానికీ మధ్య కాస్త ఆగి వాయించే మూడు భాగాల పెద్ద పియానో రచన ఒకటి ఆయన ఆమెకు ఆరేళ్లపాటు వరసా వరసా నేర్పాడు. దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒక పెద్ద హాల్లో ఒక్కసారి ఆయనకు వినిపించాలట. అంతే.

ఆ హాల్లో తెర లాగేవాణ్ణి నేనే గనుక మంతనాలు నా ఎదుటే జరిగాయి.

"ఎంతసేపమ్మడూ?" అన్నారు అధ్యక్షులవారు.

"నలభై నిమిషాలు బాబాయ్ గారూ."

"అమ్మో! మధ్యలో కాస్త తగ్గించలేవూ?"

"ఏది తీసెయ్యమంటారు?"

"నాకేం తెలుసు తల్లీ, అందులో ఆరితేరినదానివి నువ్వు. తిప్పి తిప్పి వచ్చేవి ఉంటాయిగా, అవి."

"అవి మీ ఉపన్యాసంలోనూ ఉంటాయిగా బాబాయ్ గారూ."

అధ్యక్షులవారు పెద్దగా నవ్వి, హాలు మంజూరు చేశారు. ఒక షరతు: సన్మానం కూడా ఉంటుంది.

సభ రోజున పియానో శ్రుతి చేసే ఆయన పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని తీగలన్నీ బిగించి వెళ్లాడు. ఆయన వెళ్లాక పెద్దల కుర్చీలు వచ్చాయి. ఇరవై మూడు, అన్నీ చేతులున్నవి. చేతుల్లేని కుర్చీలో కూర్చునే స్థాయి వారెవరూ జాబితాలో లేరు. దాంతో వేదిక మీద పియానోకు చోటు చాల్లేదు. నలుగురు కూలీలు దాన్ని ఈడ్చుకుపోయి, వెనకనున్న గుడ్డ బ్యానరు అవతల పెట్టారు. బ్యానరు నిండా ఆ అమ్మాయి ఫోటోయే, పియానో వాయిస్తున్నట్టు. ఫోటో బాగా వచ్చింది కాబట్టి ఎవరికీ లోటు తెలియలేదు. ముందు వరసలు పెద్దల కుటుంబాలకు కేటాయించినందున మాస్టారికి కూడా బ్యానరు వెనకే కుర్చీ వేశారు. పెద్దల చెవులకు ఇబ్బందని ఒక స్పీకరు పెట్టెను కూడా అక్కడికే, ఆయన వెనక్కి చేర్చారు.

రెండున్నర గంటల సన్మానం తర్వాత ఆమె వాయించడం మొదలుపెట్టింది. మాస్టారు ముందుకు వంగి, అరచెయ్యి పియానో చెక్కకు ఆనించి కూర్చున్నాడు. మొదటి భాగం అయింది. నాలుగు ఊపిర్లంత నిశ్శబ్దం. అధ్యక్షులవారు అప్పుడు కునుకులో ఉండటం వల్ల గండం గడిచింది. రెండో భాగం అయింది. మళ్లీ నిశ్శబ్దం. ఈసారి వారు మెలకువగా ఉన్నారు. చప్పుడు ఆగిందంటే అయిపోయినట్టేగా! లేచి చప్పట్లు కొట్టారు. హాలంతా కొట్టింది.

"ఇంత అద్భుతంగా ముగించిన మన ఇంటి ఆడపడుచుకు..." అంటూ మైకు అందుకుని, వందన సమర్పణకు దిగారు.

మూడో భాగం చాలా మెల్లగా మొదలవుతుందట. ఆమె మొదలుపెట్టేసింది. వెనకేదో సన్నగా గోల వినిపించి, అధ్యక్షులవారు మైకు పెంచమని సైగ చేశారు. పెంచారు.

మాస్టారు తల తిప్పి అడిగాడు: "మూడోది మొదలుపెట్టవేం తల్లీ?"

"వాయిస్తున్నాను మాస్టారూ."

"ఆఁ?"

"వాయిస్తున్నాను!"

"ఎవరో మాట్లాడుతున్నారే. ఆయన్ని అయిపోనీ."

ఆయన అయ్యేసరికి పన్నెండు నిమిషాలు. ఆమె కూడా అప్పటికే ముగించింది. మళ్లీ మొదలెడదామంటే, హాలు మూసే వేళయిందని దీపాలార్పారు. నెల తిరక్కుండానే మాస్టారికి రెండు చెవులూ పోయాయి. ఆ అమ్మాయి ఆ తర్వాత ఏ సభకూ రానంది. పొగరెక్కిందని మనమంతా ఏకగ్రీవంగా అనుకున్నాం.

తెర తాడు నా చేతిలోనే ఉందిగా, ఒక్క లాగు లాగితే ఉపన్యాసం ఆగిపోయేదిగా అని మీరు అడగొచ్చు. నిజమే. తాడు పట్టుకునే నిలబడ్డాను. కానీ వందనాల జాబితాలో అధ్యక్షులవారు అప్పటికింకా కుర్చీలు సరఫరా చేసినవారి దగ్గరే ఉన్నారు. తెర లాగినవారి వంతు ఇంకా రాలేదు. మీరు మాత్రం? ముందు వరసలో మిమ్మల్నీ చూశానులెండి. మీ పేరు వస్తుందేమోనని, ఊపిరి బిగబట్టి మరీ వింటున్నారు.