మెతోదీ లాగవుట్ అయితే ఊరికి చలి

మానవజాతి పెట్టుకున్న కాపలాలన్నిటిలోకీ ఉత్తమమైనది సర్వర్లో ఉండే లాగిన్ నిర్వహణ సేవ. ఎవరొచ్చారో, ఎవరు వెళ్లారో చూసుకుంటుంది. వెళ్లినవాడు నడుపుతున్న ప్రోగ్రాములన్నీ వాడి వెనకే ఆపేస్తుంది. అరగంట పాటు కీబోర్డు ముట్టనివాణ్ణి తనే బయటికి గెంటేస్తుంది. (ఇంత నిక్కచ్చితనం మా కార్యాలయంలో ఏ మనిషిలోనూ కనబడలేదు.)

ఇంటింటి రేడియేటర్లకూ వేడినీళ్లు పంపే మా ఊరి హీటింగ్ కంపెనీలో ఈ సేవ మొదలైన రోజే, ఇన్నాళ్లూ సర్వర్ చూసుకున్న మెతోదీ రిటైర్మెంటు. డైరెక్టర్ జ్ద్రావ్కా గారు రెండిటికీ కలిపి ఒకే బానిత్సా, అంటే మా పొరల జున్ను రొట్టె, కోయించారు. మెతోదీ కళ్లు తుడుచుకుని, ఆఖరిసారి లాగవుట్ నొక్కి, కోటు తొడుక్కున్నాడు. ఆయన మెట్లు దిగేలోపే, నడి జనవరిలో, ఊరి బాయిలర్లన్నీ ఆగిపోయాయి.

బాయిలర్లను నడిపే ప్రోగ్రామును ఆయన ఎప్పుడో తన లాగిన్‌లోంచి తాత్కాలికంగా మొదలుపెట్టాడు. మా బల్గేరియాలో తాత్కాలికమైనదానికి చావు లేదు. కొత్త సేవకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

పరుగున వెళ్లి మెతోదీని వెనక్కి తీసుకొచ్చాను.

"అన్నా, కోటు విప్పు."

"ఈ ఒక్క పూటే సుమా! పల్లెలో మా తేనెటీగల దగ్గరికి పోదామని మా ఆవిడ గిన్కా సామాను సర్దేసింది," అంటూ మళ్లీ లాగిన్ అయ్యాడు.

"మేడమ్, ప్రోగ్రామును మనిషి పేరు మీద కాకుండా సర్వర్ పేరు మీద నడిపిద్దాం. చిటికెలో పని," అన్నాను.

"బాగుంది! రేపు బాయిలర్ ఆగితే ఎవర్ని తిట్టమంటావు, ఆ డబ్బానా?"

"పోనీ, వేరే ఎవరి లాగిన్‌లోంచైనా..."

గదిలో అందరికీ ఒక్కసారిగా ఏదో పని గుర్తొచ్చింది. నాక్కూడా.

మర్నాడే 'ఉష్ణ కొనసాగింపు ఉత్తర్వు' వెలువడింది. మెతోదీకి సర్వర్ గదిలో మంచం, అరగంటకోసారి మోగే గడియారం, 'విశ్రాంత ఉద్యోగి' అన్న గౌరవ హోదా మంజూరయ్యాయి. పింఛను మాత్రం రాలేదు. పింఛను కార్యాలయంవారు విచారిస్తే, మెతోదీ లోపలే ఉన్నాడని సేవ నిజాయితీగా జవాబిచ్చింది. (ఇంకా దీనివల్ల ఉపయోగమేమిటని అడిగేవాళ్లున్నారు.)

పాపం, గిన్కా రోజూ ఫోన్ చేస్తుంది.

"ఏమయ్యా, ఇవాళైనా వస్తున్నావా?"

"ఇంట్లో రేడియేటర్ వెచ్చగా ఉందా?"

"ఉంది."

"అయితే నేనింకా ఇక్కడే ఉన్నానే."