కుంకుమ పెట్టిన మిల్లు

శుక్రవారం పొద్దున వనజమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త చంద్రప్ప ఇడ్లీ తిని, పాత ఇనుము కొనే మునినారాయణను పిలుచుకొచ్చేలోగా కూతురు సహనతో మిల్లుకు వెళ్లాలి. ఫోటోలు తీయించాలి. ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చి చారు పెట్టాలి.

మిల్లంటే చింతామణి ఊరి బయట మామగారు వెంకటరామప్ప కట్టించిన స్టీలు మిల్లు. ఎర్రగా కాలిన ఉక్కును రోలర్ల మధ్య నలిపి కమ్ములుగా లాగేవారు. ఊళ్లో సగం మిద్దెల కడుపులో ఉన్నవి ఆ కమ్ములే. మూతపడి చాలా ఏళ్లయింది. ఈరోజు నుంచి దాన్ని కొంచెం కొంచెంగా గ్యాసుతో కోసి తునకలు చేస్తారు. బెంగళూరులో ఆర్కిటెక్చర్ చదివే సహన, పాత కార్ఖానాల ఫోటోల ప్రదర్శన ఒకటి జరగబోతోందని, అందులో మన మిల్లు కనిపిస్తే నిలపమని అడిగేవాళ్లు నలుగురైనా పుడతారని చెప్పింది. వనజమ్మకు ఆ నలుగురు కావాలి.

చంద్రప్ప నిన్ననే నవ్వేశాడు.

"ఆ తుప్పుకు ఫోటో ఎందుకే? ఊళ్లో ఒక్కనికన్నా ఆ మిల్లు గ్యాపకం ఉండాదా?"

"నాకుండాది. నేను కాపురానికి వచ్చిన దినం మీ నాయన దేవుని గూటికన్నా ముందర ఆ రోలరుకే మొక్కించినాడు. మీరు దాన్ని కోయిస్తాంటే నేను చూస్తా కూర్చోను."

"కూర్చోకుండా ఏం చేస్తావు?"

"అది నాకూ తెలీదు," అంది వనజమ్మ. ఆ మాటకే చంద్రప్పకు కొంచెం భయమేసింది.

మిల్లు దగ్గర సహన కెమెరా తీస్తూ, "ఏదీ ముట్టుకోవద్దమ్మా. ఉన్నది ఉన్నట్టే ఉండాలి. తుప్పే అందం," అని చెప్పి వెనకనున్న పొగగొట్టం వైపు వెళ్లింది. వనజమ్మకు ఆ అందం అర్థం కాలేదు. ఇంటి పెద్దను ఫోటోకు నిలబెట్టేటప్పుడు ముఖమైనా కడగరా? సంచి విప్పింది. సహన తిరిగొచ్చేసరికి పెద్ద రోలరుకు పసుపు, దాని మీద అరచేతంత కుంకుమ, చామంతి మాల ఉన్నాయి. దిష్టి తగలకుండా గేటు ముందర బూడిద గుమ్మడికాయ కూడా పగిలి ఉంది.

"అమ్మా! తుప్పు యాడ?"

"లోపలుండాదిలే, యాడికీ పోలేదు."

ఆయుధపూజ కాని రోజున మిల్లు గేటులో గుమ్మడికాయ పగిలిందంటే యంత్రం ఆడబోతోందని లెక్క. వనజమ్మకు అది గుర్తు రాలేదు. మోపెడ్ మీద అటుగా పోతున్న గంగాధరప్పకు వచ్చింది. ఒకప్పుడు ఆయన ఆ మిల్లు కొలిమి దగ్గర మేస్త్రీ. గుమ్మడికాయను చూశాడు, మాలను చూశాడు, బండిని ఊరివైపు తిప్పేశాడు.

ఇంకొంచెం సేపటికి పాత పనివాళ్లు వచ్చారు. కొందరి మీద ఖాకీ చొక్కాలు బొత్తాలు పట్టక బిగుసుకున్నాయి. వాళ్ల వెనక కొడుకులు, అల్లుళ్లు, ఉద్యోగానికి మార్కుల కార్డులు. టీ బండి వచ్చింది. బండి ఉందని ఇంకో యాభై మంది వచ్చారు. పంచాయతీ మెంబరు శాలువా పట్టుకుని వచ్చాడు గానీ ఎవరికి కప్పాలో తెలియక చేతి మీదే వేసుకున్నాడు.

అప్పుడే మునినారాయణ వ్యాను దిగాడు. పక్కన చంద్రప్ప, వెనక గ్యాసు సిలిండర్లు.

"రిపేరుకు సామాను కూడా వచ్చింది!" అని ఎవరో అరిచారు. వచ్చినాయన కొత్త యజమాని అనుకుని మెంబరు శాలువా కప్పేశాడు. నాలుగు మాలలు పడ్డాయి. జీవితంలో ఎవరూ దండ వేయని మునినారాయణ కాదనలేక రెండు చేతులూ జోడించాడు.

చంద్రప్ప గుంపును తోసుకుని వచ్చాడు. "ఏందే ఇదంతా?"

"నేను బొట్టు పెట్టినా. అంతే."

నోరు మూసుకుని ఉంటే ఆ ఉత్సవం సాయంత్రం దాకా నడిచేదే. కానీ ఎదుట నిలబడ్డ పిల్లల చేతుల్లోని కార్డులు చూసి వనజమ్మ గేటు పక్కనున్న దిమ్మె ఎక్కింది.

"అప్పా, అందరూ వినండి. మిల్లు ఆడించేది లేదు. ఈయన కోసేదానికి వచ్చిండాడు. నేను ఫోటోకని సింగారించినా, మీరు ఇంకోటి అనుకుంటిరి. కోసేది వాళ్లిష్టం. నేను మాత్రం ఈడనుంచి కదలను."

గంగాధరప్ప ఒక్కడే నడుచుకుంటూ పోయి, చల్లారిన కొలిమి పక్కన తన పాత చోట్లో నిలబడ్డాడు. "ఫోటో అన్నా తీయమ్మా," అన్నాడు సహనతో. ఒకరి తర్వాత ఒకరు మిగతావాళ్లూ తమతమ చోట్లకు చేరారు. సహన తుప్పు మాట మరిచిపోయి తీస్తూనే ఉంది.

మునినారాయణ దండలు తీసేశాడు. "అయింది కదా? ఇంక కోయప్పా, పిళ్ళప్పా."

గ్యాసు పట్టే పిళ్ళప్ప రోలరును చూసి వెనక్కి జరిగాడు. "నాతో కాదు సామీ. శుక్రవారం, పచ్చి కుంకుమ. పూజ చేసిన యంత్రానికి మంట చూపిస్తే మళ్లా నా చేతికి పని దొరుకుతాదా?"

"అయితే తుడిచేయి!"

"మీరే తుడవండి సామీ."

మునినారాయణ చేతులు జేబుల్లోకి వెళ్లిపోయాయి. అందరూ చంద్రప్ప వైపు చూశారు. అతను చేతిగుడ్డ తీసి రోలరు దాకా నడిచాడు.

"తుడవండి," అంది వనజమ్మ, దిమ్మె మీంచే. "మీ నాయన నాతో మొదట బొట్టు పెట్టించింది అక్కడే. నేను అడ్డం రాను. చూస్తా నిలబడతా."

చంద్రప్ప చేతిగుడ్డతో తన ముఖం తుడుచుకున్నాడు.

"కుంకుమ రాలిపోనీప్పా, అప్పుడు చూస్తాం," అన్నాడు మునినారాయణతో.

అది రాలలేదు. ప్రతి శుక్రవారం వనజమ్మ మిల్లుకు పోయి కొత్తది పెట్టి వస్తోంది. పసుపు అయిపోతే సంతలో కొనుక్కొచ్చేది ఈమధ్య చంద్రప్పే.

సహన పంపిన ఫోటోలను మాత్రం ప్రదర్శన వాళ్లు తిప్పి పంపారు. మూతపడిన మిల్లులకే అక్కడ చోటు, నడుస్తున్న వాటికి లేదట.