అమ్మ ఏడవని ఏడో పేజీ

ఆ ఉదయం టపాకాయ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదికి స్నానం, పదింటికి నాటకాల హాలు, పదిన్నరకి అక్కడి మేనేజరు ముందు తన మొట్టమొదటి ఏకపాత్ర నాటకం. ఆయనకి నచ్చితే శనివారం సాయంత్రం ప్రదర్శన. నచ్చకపోతే, "ఏడాది టైమిస్తున్నా, తర్వాత నోరు మూసుకుని ఉద్యోగం చూసుకో" అని అమ్మ పెట్టిన గడువు ఈ నెలాఖరుతో సరి. ముక్కు మీద కోపం కాబట్టి ఇంట్లో అందరూ ఈ పిల్లని టపాకాయ అనే పిలుస్తారు. ఆ కోపం ఎవరి పోలికో అమ్మ ముందు ఎవరూ అడగరు.

నాటకంలో అమ్మ, కింది వాటాలో ఉండే పిన్ని, తను. ముగ్గురి మాటలూ ఆమే చెప్పాలి. కూర్చుంటే ఒక్క ముక్క బుర్రకెక్కదు. అందుకని పేజీలన్నీ బాల్కనీలో బట్టలారేసే తీగకి వరసగా క్లిప్పులతో తగిలించి, అటూ ఇటూ నడుస్తూ బట్టీ పట్టింది. వాటినలాగే వదిలేసి స్నానానికి వెళ్లింది.

అమ్మ తడి దుప్పట్ల బకెట్టుతో వచ్చింది. తీగ మీద జాగా లేదు. విసుక్కుంటూ క్లిప్పులు పీకేస్తూ పోయి ఏడో పేజీ దగ్గర ఆగింది. "అమ్మ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ: వెళ్లమ్మా, నీ కల నీది" అని ఉంది అందులో.

బాత్రూం తలుపు దడదడలాడింది.

"ఒసేయ్! బయటికి రావే ముందు!"

"తల నిండా షాంపూ ఉందమ్మా!"

"నేనెప్పుడు ఏడ్చానే? నువ్వు చదువు మానేసి నాటకాలంటే డబ్బా మూత విసిరాను! గోడకి సొట్ట ఇంకా ఉంది, పోయి చూసుకో!"

"సొట్ట ఎవడిక్కావాలమ్మా? జనం కరగాలి!"

"వాళ్లు కరగడానికి నన్నేడిపిస్తావా?"

ఈలోగా క్లిప్పులు ఊడిన పేజీలు గాలికి కిందికి దిగాయి. మూడోది తిన్నగా పిన్ని బాల్కనీలో వాలింది. పిన్ని రెండేసి మెట్లెక్కుతూ పైకొచ్చింది.

"ఏమే, నేను ప్రతిదీ ఊరంతా టాంటాం వేస్తానా? ఇంత మాట రాస్తావా? ఎదురింటావిడకి చెప్తే ఆవిడే నోరెళ్లబెట్టింది. పక్క వాటావాళ్లయితే నమ్మలేదు!"

వెనకాలే బాబాయి, మిగతా పేజీలన్నీ ఏరుకుని, ఒక్కొక్కటీ తిరగేస్తూ వచ్చాడు.

"అన్నీ చూశాను. నేనెక్కడా లేను."

"నువ్వు లేవు బాబాయ్."

"అసలే లేనా? సైకిలు నేర్పించిందెవరు నీకు?"

తల తుడుచుకోకుండానే టపాకాయ హాలుకి పరిగెత్తింది. వాళ్లు ముగ్గురూ వెనకాలే బండిలో వచ్చారు.

మేనేజరు మూడో వరసలో ఫ్లాస్కు పక్కన పెట్టుకుని "కానీయమ్మా" అన్నాడు. మూడో పేజీ దాకా బాగానే నడిచింది.

"నేనలా చేతులు తిప్పను!" అని చీకట్లోంచి పిన్ని అరిచింది.

"తిప్పుతావు," అన్నాడు బాబాయి.

పళ్లు నూరుకుంటూ టపాకాయ ఏడో పేజీకి వచ్చింది. చున్నీ కొస కళ్ల దాకా తీసుకెళ్లిందో లేదో, "ఆపు!" అంటూ అమ్మ స్టేజి ఎక్కేసింది.

"జరుగు. ఇదిగో, ఇది ఇలా వచ్చి నిలబడింది, పిల్లి మొహం వేసుకుని." మెడ వాల్చి, ఊపిరాడకుండా మాట్లాడే కూతురైపోయింది. వెంటనే చేతులు తిప్పే పిన్ని. ఆ వెంటనే నెత్తి మీది కళ్లజోడు కోసం ఇల్లంతా వెతికే బాబాయి. చివరికి తను. దిగొచ్చి మేనేజరు ఫ్లాస్కు మూత లాక్కుని విసిరింది. "పో! వెళ్లి చావు! కానీ సగంలో తిరిగొచ్చావంటే గుమ్మం ఎక్కనివ్వను!"

మూత గోడకి తగిలి ఖంగుమంది.

"ఇది నా నాటకం!" అని గొంతు చించుకుంది టపాకాయ. "నాది! దిగమ్మా!"

"కాస్త పక్కకి జరుగు తల్లీ, ఆవిడ కనబడట్లేదు," అన్నాడు మేనేజరు. తర్వాత లేచి అమ్మకి దణ్ణం పెట్టాడు. "శనివారం ఆరున్నరకి మీరే చెయ్యాలి. పోస్టరు మీద పేరేం వెయ్యమంటారు?"

టపాకాయ పేజీలు నేలకేసి కొట్టి తలుపు వైపు నడిచింది.

"ఎక్కడికే?" అమ్మ గొంతు హాలంతా మోగింది. "ఇప్పుడేం చెప్పాను? సగంలో వస్తే గుమ్మం ఎక్కనివ్వను! ఎక్కు పైకి! ఏమయ్యా మేనేజరూ, నాకు పనీపాటా లేదనుకున్నావా? ఇదే చేస్తుంది. ఏడుపు తీసేసి చేస్తుంది. నేను ముందు వరసలో కూర్చుని చూస్తా!"

శనివారం టపాకాయ నిజమైన కోపంతో విసిరిన మూతకి హాలు గోడ సొట్టపోయింది. ముందు వరసలో ఏడ్చింది ఒక్క బాబాయే, కొత్తగా కలిపిన తన కళ్లజోడు ముక్క వచ్చినప్పుడు, పిన్ని కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.