గోడకూ కప్పుకూ నడుమ గీత

ప్రతి ప్రభుత్వ గదిలోనూ గోడ ముగిసి కప్పు మొదలయ్యే చోట రంగు అంచు వంకర లేకుండా ఉండి తీరాలని ప్రజాభవనాల సుందరీకరణ శాఖ మంత్రి రామభద్రరావుగారు సోమవారం ప్రకటించారు. "గీత తిన్నగా ఉంటే పాలన తిన్నగా ఉన్నట్టే" అని కూడా అన్నారు. పేపర్లో చదివి సంతోషించాను. మా ఇంటికి రంగులు వేయించినప్పుడల్లా ఆ అంచు దగ్గరే పనివాళ్లకూ నాకూ మాటామాటా వస్తుంది. ఇన్నాళ్లకు నా బాధ తెలిసిన ప్రభుత్వం వచ్చింది.

పథకానికి 'సరళరేఖ' అని పేరు పెట్టారు. మొదటి గదిగా బన్సీలాల్‌పేట్‌లో మా ఇంటి ఎదుట ఉన్న పసిపిల్లల బడి, బాలవాడిని ఎంచుకున్నారు. ఇరవై ఇద్దరు పిల్లలు. కిందటి వానలకు కప్పు పెచ్చు ఊడి ఒక పాప పలక మీద పడింది. అప్పటినుంచి టీచర్ ఎమిలీ పిల్లల్ని మా కారు షెడ్డులో కూర్చోబెడుతోంది. కప్పు బాగుచేయమని ఆమె ఆరు అర్జీలు పెట్టింది. ఏడోది పెట్టకముందే ప్రభుత్వం తనంతట తానే కదిలి వచ్చింది.

ప్రత్యేకాధికారి భానుప్రకాశ్‌గారు లేజర్ యంత్రం తెచ్చి గది మధ్య నిలబెట్టారు. ఎదుటి గోడ మీద ఎర్రటి గీత పడింది. మధ్యలో అది కప్పును తాకుతోంది. రెండు మూలల దగ్గర మాత్రం కప్పు పైనెక్కడో ఉంది.

"గీత వంకరుందేమయ్యా?" అన్నారు.

"గీత నేనింక గియ్యనే లేదు సార్" అన్నాడు పెయింటర్ జంగయ్య. "స్లాబు నడుమల మూడించులు దిగింది."

"స్లాబు ఇంజనీరింగ్ సెక్షన్ వాళ్లది. నా మ్యాండేట్ గీత వరకే."

"మరి గీత స్లాబును బట్టి గియ్యాల్నా, లేజర్‌ను బట్టి గియ్యాల్నా?"

"లేజర్‌ను బట్టే."

జంగయ్య రంగు డబ్బా మూత తీశాడు. "ముప్పై ఏండ్ల సంది ఇండ్లకు రంగులేస్తున్న. లైటుకు ఏసుడు ఇయ్యాల్నే షురూ."

కానీ పని తెలిసినవాడు. లేజర్ గీత వరకు నీలం వేశాడు. దానిపైన మూలల్లో మిగిలిన గోడకు కప్పు రంగే, తెల్లగా పూశాడు. బ్రష్షు ఒక్కచోటా వణకలేదు. నాలాంటిదానికి కూడా తప్పు దొరకలేదు. స్లాబు దిగిందని ఇప్పుడు ఎవరూ కనిపెట్టలేరు.

భానుప్రకాశ్‌గారు అక్కడే ఫైల్లో రాశారు: 'స్లాబు కుంగుబాటు రంగుతో సరిచేయబడినది.' చదువుకున్నదాన్నని నాకు చూపించారు. వాక్యంలో తప్పు లేదని చెప్పాను.

"సార్, పెచ్చులు మల్ల రాల్తే?" అంది ఎమిలీ. "గీత కింద పిల్లలు కూసుంటరు."

"గీత కింద ఎందుకు కూర్చుంటారమ్మా? చాప మీద కూర్చుంటారు."

ఆయన వెళ్లాక జంగయ్య గొంతు తగ్గించాడు. "టీచరమ్మా, నడుమల మాత్రం కూసోబెట్టకు. నేను సుత నిచ్చెన గోడకే ఏసుకున్న."

శుక్రవారం ప్రారంభోత్సవం. పిల్లలు లోపల కనిపించకపోతే సెంటర్ ఎత్తేస్తామని మెమో వచ్చింది. ఎమిలీ ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"ఏం జెయ్యాలె అక్కా? లోపల కూసోబెడితే భయం. కూసోబెట్టకుంటే బాలవాడే ఉండదు."

"మంత్రిగారికి కుర్చీ ఎక్కడ వేస్తున్నారు?"

"బయట, షామియానా కింద."

"లోపల వెయ్యి. సరిగ్గా నడిమధ్యన."

మా డైనింగ్ టేబుల్ కుర్చీల్లో మంచిది ఇచ్చాను. దానిమీద తెల్ల తువ్వాలు కూడా పరిచాం.

మంత్రిగారు వచ్చారు. రిబ్బన్ కత్తిరించారు. గడప దగ్గర ఎమిలీ నమస్కారం పెట్టింది.

"ముందుగాల మీరు కూసోండ్రి సార్. పిల్లలు మీ సుట్టూ కూసుంటరు. ఫోటో మంచిగొస్తది."

మంత్రిగారు కుర్చీని చూసి ముచ్చటపడి ఒక కాలు ఎత్తారు. భానుప్రకాశ్‌గారు ఆయన చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పారు. ఎత్తిన కాలు ఎత్తినట్టే వెనక్కి వచ్చింది.

"అద్భుతమైన గీత" అన్నారు మంత్రిగారు బయటినుంచే. "ఇంత దూరం నుంచే ఇంత తిన్నగా కనిపిస్తుంటే దగ్గరికెందుకు?"

"సార్, ఒక్కడుగు లోపలికి" అన్నాడు ఫోటోగ్రాఫర్.

"వద్దయ్యా. ప్రజాధనంతో వేసిన రంగు. దుమ్ము పడుతుంది. పిల్లలు వెళ్తారులే."

"మీరు కూసున్నంకనే సార్" అంది ఎమిలీ, నమస్కారం దించకుండా. "పెద్దోల్లకన్న ముందు కూసోవద్దని నేనే నేర్పిన."

మంత్రిగారు ఆ క్రమశిక్షణను మెచ్చుకున్నారు. గడియారం చూసుకున్నారు. కార్ఖానా ఏరియాలో ఇంకో కార్యక్రమం ఉందని చెప్పి కారెక్కారు.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. సరళరేఖ పరిరక్షణార్థం ఆ గదిని ఆదర్శ గదిగా ప్రకటించారు. ఎవరూ లోపలికి ప్రవేశించరాదు. గడప బయటినుంచి చూడవచ్చు. ఆదర్శ గది ఉన్న బాలవాడిని ఎత్తేయడం కుదరదు కనుక పిల్లలు మా షెడ్డులోనే చదువుకుంటున్నారు. జిల్లాల నుంచి అధికారులు బస్సుల్లో వచ్చి, గడప దగ్గర మెడలు చాచి గీతను చూసి వెళుతున్నారు.

నా కుర్చీ మాత్రం లోపలే ఉండిపోయింది. ఇప్పించమని భానుప్రకాశ్‌గారిని అడిగాను. తెచ్చి ఇవ్వడానికి మనిషిని పంపుతానన్నారు. రెండు నెలలైంది. అంత పెద్ద శాఖలో ఆయనకు ఇంకా మనిషి దొరకలేదు.