వెళ్లడానికి నాలుగు కారణాలు

...అయినా కారణం అనేది వదిలి వెళ్లే చోటులో ఉంటుందా, వెళ్లే మనిషిలో ఉంటుందా? ఈ సంగతి తేలేలోపు లియోనెల్ బెటెన్‌కోర్ట్ తన కారు అనుకుని వాళ్ల నాన్న పికప్ తలుపులో తాళంచెవి పెట్టి రెండు నిమిషాలు తిప్పాడు. వంటింటి కిటికీలోంచి తల్లి చూస్తూనే ఉంది. గడువు దగ్గరపడ్డ రోజుల్లో కొడుకును కదిలించకూడదని ఆమె ఈ మధ్యే నేర్చుకుంది.

ఆ రోజే గడువు. సాయంత్రం ఐదు గంటలు. తూర్పు తీరం గంటలు కావు, కాలిఫోర్నియా గంటలే. ఆ విషయం ఫోన్ చేసి మరీ కనుక్కున్నాడు. వాడు చదువుతున్న ట్యూలీ బెండ్ రెండేళ్ల కాలేజీ. మిగతా రెండేళ్లు ఇంకెక్కడైనా చదవాలి. లియోనెల్ కోరుకున్న విశ్వవిద్యాలయం, వెయ్యి మంది అడిగితే ఇరవై మందిని తీసుకునే రకం. ఆ దరఖాస్తు ఒకే ప్రశ్నకు ఐదు వందల మాటల్లో జవాబు అడిగింది: ‘ఇప్పుడు చదువుతున్న కాలేజీని ఎందుకు వదిలి రావాలనుకుంటున్నారు?’

వాడు నెల రోజులు ఆలోచించాడు. నిజానికి ట్యూలీ బెండ్ అంటే వాడికి ఇష్టమే. కానీ ఇష్టం వెళ్లడానికి కారణం కాదు. అందుకని మనసు మూలలన్నీ వెతికి అసంతృప్తిని పోగుచేయడం మొదలుపెట్టాడు. మొదటి మూడు కారణాలకు ఒక సాయంత్రం పట్టింది. నాలుగోది దానంతటదే వచ్చింది: ‘రెండేళ్లయినా ఇక్కడ నన్ను ఎవరూ ఎరగరు.’ అది రాయగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. కన్నీళ్లు సాక్ష్యం కావని తెలిసినా, ఆ వాక్యాన్ని వాడు మిగతా మూడింటికన్నా ఎక్కువగా నమ్మాడు.

ఆ రోజు పథకం చాలా తేలిక. ఎనిమిదింటికి గ్రంథాలయంలో వ్యాసం ప్రింటు తీసుకుని కాగితం మీద ఒకసారి చదువుకోవాలి. రికార్డుల కిటికీ దగ్గర యోలండా చేత కాలేజీ నివేదిక పంపించాలి. ఐదులోపు దరఖాస్తు పంపే మీట నొక్కాలి. ఆరింటికి నాన్న పాలశాలలో ఆవుల దగ్గర ఉండాలి.

వ్యాసం రెండు పేజీలు. ప్రింటరు ఒక పేజీ ఇచ్చి ఆగిపోయింది.

“కాగితాలు అయిపోయాయి నాన్నా, కట్ట తెచ్చి పెడతా, ఆగు,” అంది లైబ్రేరియన్ ఒఫీలియా టటిల్. ఆ మాట లియోనెల్‌కు చేరలేదు. వాడు అప్పటికే మొదటి వాక్యంలో ఒక విశేషణం అతిగా ఉందేమోనని బాధపడుతూ మెట్లు దిగుతున్నాడు.

ట్యూలీ బెండ్‌లో పసుపు చీటీ అని ఒకటి ఉంది. కిందటేడు నూటపది మంది చదువు మధ్యలో మానేశారు. అప్పటి నుంచి, ఏ విద్యార్థి అయినా మానేసేలా కనబడితే చూసినవాళ్లు పసుపు చీటీ రాయాలి. చీటీ పడ్డాక ఆ విద్యార్థి చెప్పిన లోపాలు సరిదిద్దుతూ, అతను దొరికేదాకా, క్లాసు వేళలు తప్ప సిబ్బంది అంతా డీన్ క్లిఫర్డ్ పూల్ వెనకే ఉండాలి. కాగితాల కట్ట పెట్టగానే ప్రింటరులోంచి బయటికి వచ్చిన రెండో పేజీ మీద పేరు లేదు. నాలుగు కారణాలూ, చివర ‘అందుకే ఈ కాలేజీ వదిలి వెళ్లదలిచాను’ అన్న వాక్యమూ ఉన్నాయి. ఒఫీలియా దాన్ని రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, పసుపు చీటీ తీసింది.

తొమ్మిదిన్నరకు రెండో పేజీ కోసం వెనక్కి వచ్చిన లియోనెల్‌కు ఖాళీ ప్రింటరు కనబడింది. గ్రంథాలయం తలుపు మీద తడి ఆరని బోర్డు కనబడింది: ‘ఈ రోజు నుంచి సాయంత్రం ఏడు గంటల వరకు తెరిచి ఉండును.’ నాలుగింటికే మూస్తారన్నది వాడి మొదటి కారణం. జేబు కొట్టేసినట్టు అనిపించింది. ‘యాదృచ్ఛికం,’ అనుకున్నాడు. మనిషికి భయం వేసినప్పుడు మొదట దొరికే మాట అదే.

పది గంటలకు గస్ మెడెయిరోస్ క్లాసు. గస్ ఆ కాలేజీలో తత్వశాస్త్రమూ ట్రాక్టరు మరమ్మతూ రెండూ చెబుతాడు. ఏది ఎక్కడ మొదలై ఏది ఎక్కడ ఆగుతుందో ఆయనకే తెలియదు. ఆ రోజు మాత్రం చేతులకు గ్రీజు లేకుండా, దువ్విన తలతో వచ్చాడు.

“ఇవాళ ట్రాక్టరు మాట ఎత్తను,” అన్నాడు గంభీరంగా. “గ్రీకులు అయిపోయారు. పద్దెనిమిదో శతాబ్దంలోకి దూకుతున్నాం. పట్టుకోండి.”

“సర్, మధ్యలో రెండు వేల ఏళ్లు?” అన్నారెవరో.

“సెలవుల్లో చదువుకోండి. ఇప్పుడు ఎవరైనా లేచి నాతో వాదించండి. నేను చెప్పింది తప్పనండి. దయచేసి అనండి!”

ఎవరూ లేవలేదు. గస్ ముఖాన చెమట కారింది. ఇక్కడ తత్వశాస్త్రంలోకి ట్రాక్టర్లు దూరతాయన్న రెండో కారణం పోయింది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో, బంగాళాదుంపల వరుస పక్కన, అట్టముక్క తగిలించిన కొత్త బల్ల ఉంది: ‘వాదన బల్ల. కూర్చున్నవారు ఏదో ఒకటి ఒప్పుకోకూడదు.’ ఇక్కడ వాదించడానికి మనిషి లేడన్నది వాడి మూడో కారణం. అప్పటికి లియోనెల్‌కు పూర్తిగా అర్థమైంది. తను రెండో పేజీలో రాసుకున్నది ఎవరో తీసుకుని కాలేజీ అంతటా అమలు చేస్తున్నారు.

రెండింటికి రికార్డుల కిటికీ మూసి ఉంది. ‘డీన్ గదిలో ఉన్నాం’ అని కాగితం అంటించారు. వాడు డీన్ గదికి పరుగెత్తాడు.

“రా రా లియోనెల్! నీకే కబురు చేద్దామనుకుంటున్నాం,” అన్నాడు డీన్ పూల్. బల్ల మీద ప్లాస్టిక్ కవరులో రెండో పేజీ ఉంది. చుట్టూ ఒఫీలియా, గస్, యోలండా, సగం తిన్న కేకు. “పిల్లల వ్యాసాలు దిద్దేది నువ్వేగా. ఇది ఎవరి శైలో చెప్పు.”

“నేను యోలండా గారితో పని ఉండి వచ్చాను సర్. నా నివేదిక ఐదులోపు వెళ్లాలి.”

“చీటీ మూసేదాకా నేను కదలకూడదు బాబూ,” అంది యోలండా. “రూలు. బాత్రూముకు కూడా అడిగి వెళ్తున్నా.”

“ఈ వాక్యం చూడు,” అన్నాడు గస్, వేలితో పొడుస్తూ. “‘ఇక్కడ గ్రీకులకూ ట్రాక్టర్లకూ తేడా తెలియదు; తెలిసినా చెప్పరు.’ నిజమే, ఒప్పుకుంటా. కానీ మధ్యలో ఆ సెమికోలన్ ఎంత పొగరుగా కూర్చుందో!”

“అది పొగరు కాదు సర్. రెండు ఆలోచనలు విడిపోకుండా...”

“నువ్వు ఎవరి వైపోయ్?”

లియోనెల్ ఎడమ చెవి లాక్కున్నాడు. వాడి జీవితంలో ఇంత శ్రద్ధగా తనను చదివినవాళ్లు లేరు. అందులో కొంచెం సుఖం కూడా ఉందని గమనించి సిగ్గుపడ్డాడు.

“ముగ్గుర్ని పిలిచి మాట్లాడాం,” అన్నాడు డీన్. “వాళ్లెవరూ రాయలేదు. పైగా వాళ్లలో ఒకడికి ఇప్పుడు మానేయాలనిపిస్తోందట.”

“నాలుగోది చదవలేకపోతున్నా,” అంది ఒఫీలియా, ముక్కు చీదుతూ. “‘ఇక్కడ నన్ను ఎవరూ ఎరగరు.’ రెండేళ్లు మన మధ్య తిరిగిన బిడ్డ! పేరు పెట్టి పలకరించి ఉండను. నేనే!”

“ఇక వెల్డింగ్ క్లాసు వెండెల్ మిగిలాడు,” అన్నాడు డీన్ ఫోన్ అందుకుంటూ. “ఎవరితోనూ మాట్లాడడు. వాళ్లమ్మకు చెబుదాం, పాపం, జాగ్రత్తగా చూసుకుంటుంది.”

గోడ గడియారంలో మూడైంది. లియోనెల్‌కు లోపల ఇద్దరు మనుషులు కనబడ్డారు. నోరు విప్పితే ఈ నలుగురి ముఖం మీద ‘మీరు నన్ను ఎరగరు’ అని చెప్పినట్టు. విప్పకపోతే నివేదిక వెళ్లదు, రెండేళ్ల చదువు ఇక్కడే ఆగుతుంది, పైగా వెండెల్ తల్లి ఏడుస్తుంది. ఇద్దరిలో ఎవరు గెలిచారో వాడికి తెలియదు. గొంతు మాత్రం దానంతటదే పలికింది.

“అది నేను రాశాను.”

నలుగురూ నవ్వారు.

“నువ్వా!” అంది ఒఫీలియా. “రోజూ తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చుంటావు. ఎనిమిదిన్నరకు తీయాల్సింది నీ కోసం ఎనిమిదికే తీస్తున్నా, రెండేళ్లుగా. నిన్ను ఎరగకపోవడం ఏమిటి?”

“నీకు వేరుశనగ పడదు,” అన్నాడు గస్. “నీ కారు సైలెన్సరు మూడుసార్లు కట్టింది నేను. బాధపడ్డప్పుడు ఎడమ చెవి లాక్కుంటావు. ఇదిగో, ఇప్పుడు లాక్కుంటున్నావు.”

“మీ నాన్న ఆవుల్లో ఒకదాని పేరు యోలండా,” అంది యోలండా.

“అది మీకెవరు చెప్పారు?”

“నువ్వే. మొన్న క్రిస్మస్‌కు, క్షమాపణ చెబుతూ.”

“ఎవర్నో కాపాడుతున్నాడు,” అన్నాడు డీన్ మెచ్చుకోలుగా. “ఎంత మంచివాడు! యోలండా, ఇది వీడి నివేదికలో రాయి.”

చేయని త్యాగానికి మెప్పు దొరకడం చేసిన తప్పుకు శిక్ష పడటంకంటే కష్టంగా ఉంటుందని లియోనెల్‌కు అప్పుడు తెలిసింది. సంచిలోంచి మొదటి పేజీ తీసి ప్లాస్టిక్ కవరు పక్కన పెట్టాడు. మొదటి పేజీ చివర తెగిన వాక్యం రెండో పేజీ మొదట్లో కలిసింది. పైన వాడి పేరుంది. దాని కింద విశ్వవిద్యాలయం పేరుంది.

ఒఫీలియా చదివింది. ముక్కు చీదడం ఆపింది. గస్ సెమికోలన్‌ను మరోసారి చూశాడు. లియోనెల్ రెండు చేతులతో రెండు చెవులూ లాక్కున్నాడు.

“ఆగు,” అన్నాడు డీన్ మెల్లగా. “మానేయడం కాదా ఇది?”

“కాదు సర్.”

“ట్రాన్స్‌ఫరా?”

“అవును సర్.”

“అక్కడికా?”

“తీసుకుంటే.”

డీన్ పూల్ కుర్చీ వెనక్కి పడింది. “పదకొండేళ్లయిందయ్యా మనవాళ్లెవరైనా అక్కడ కాలుపెట్టి! ముందే చెప్పి చావొచ్చుగా! వెళ్లిపోతున్నాడని ఏడుస్తున్నాం, వీడు పైకి పోతున్నాడు!” పసుపు చీటీని నాలుగు ముక్కలు చేసి కేకు పళ్లెంలో పడేశాడు. ఒఫీలియా వాణ్ని గట్టిగా కావలించుకుంది. గస్ వీపు మీద చరిచిన చరుపుకు వాడి కళ్లద్దాలు జారాయి. రెండు నిమిషాలు అందరూ ఒకేసారి మాట్లాడారు.

ఉన్నట్టుండి డీన్ ముఖం వాడిపోయింది. “చచ్చాం. ఇందులో రాసిందంతా నిజమని వీడు సంతకం పెట్టాలి. గ్రంథాలయం ఇప్పుడు ఏడింటిదాకా కదా?”

“నా బోర్డు నేనే పీకేస్తా,” అంది ఒఫీలియా లేస్తూ. “నాలుగు కొట్టగానే తాళం.”

“సాయంత్రం క్లాసుకు ట్రాక్టరు కార్బ్యురేటరుతోనే వస్తా,” అన్నాడు గస్, ఊపిరి పీల్చుకుని. “ఆ శతాబ్దం నాకూ అరగలేదు.”

“క్యాంటీన్‌కు ఫోన్ చేసి ఆ బల్ల తీయించండి!”

యోలండా ఫోన్ చేసి, విని, చేత్తో ఫోను మూసింది. “ఇద్దరు కూర్చున్నారట. తీయాలంటే తీయకూడదని వాదిస్తున్నారట.”

“బల్లతో సహా బయట పెట్టమను!”

“మరి నాలుగోదో?” అంది యోలండా.

డీన్ లియోనెల్ వైపు తిరిగి, “ఎవరు బాబూ నువ్వు?” అన్నాడు ప్రయత్నంగా. ఒఫీలియా ఫైలు తీసి ఆయన భుజం మీద కొట్టింది. లియోనెల్ బల్ల మీది కలం అందుకున్నాడు. కన్నీళ్లతో రాసిన ఆ వాక్యాన్ని అందరి ముందూ అడ్డంగా కొట్టేశాడు. కొట్టేస్తుంటే ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుందనుకున్నాడు. బరువు దించినట్టుంది.

మూడూ యాభైకి యోలండా నివేదిక పంపింది. నాలుగింటికి, వాడు గ్రంథాలయంలో దిద్దిన వ్యాసం ఎక్కిస్తుండగా, దీపాలు ఆరిపోయాయి.

“బయటికి నడు,” అంది ఒఫీలియా తాళాల గుత్తి ఆడిస్తూ.

“ఐదు నిమిషాలు, మిసెస్ టటిల్.”

“ఒక్క నిమిషం ఇచ్చినా నీ మొదటి కారణం అబద్ధమవుతుంది. లే, లే!”

వాడు లాప్‌టాప్ పట్టుకుని బయట మెట్ల మీద కూర్చున్నాడు. గ్రంథాలయం ఇంటర్నెట్టు మూడో మెట్టుదాకా వస్తుంది, అదీ నత్తనడకన. బాదం తోటల మీద నుంచి గాలి తెల్లటి రేకులను తెచ్చి కీబోర్డు మీద పోసింది. ఊదుకుంటూ, వ్యాసం ఎక్కించి, చివరి పేజీకి వచ్చాడు. అక్కడ వాడు ఇంతవరకు చూడని గడి ఒకటి ఉంది: ‘ఇప్పుడు చదువుతున్న కాలేజీలో మిమ్మల్ని బాగా ఎరిగిన ఒకరి పేరు, ఫోన్ నంబరు.’ అది నింపితే గానీ పంపే మీట వెలగదు.

ఒఫీలియా టటిల్ అని పేరు రాయడానికి వాడికి అర నిమిషం కూడా పట్టలేదు. నంబరు తెలియదు. టైము నాలుగూ నలభై ఎనిమిది. అద్దం తలుపు వెనక చీకట్లో ఆమె పుస్తకాలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. లియోనెల్ లేచి, ఒళ్లో రేకులు దులుపుకుని, వెళ్లి తలుపు తట్టాడు.

“నాలుగు దాటింది,” అని లోపలి నుంచి జవాబు వచ్చింది.