దగ్గరికి జరిపితే కనిపించే పేర్లు

ఆర్కిటెక్టు ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే: పదకొండు గంటలకల్లా ఒక కుటుంబం చేత ఇంటి ప్లాను మీద సంతకాలు పెట్టించుకోవడం. కొడుకు, కోడలు, అత్తగారు. ఏడు నెలలుగా ముగ్గురూ ఎదురుగా కూర్చున్నప్పుడు "మా అందరిదీ ఒకే మాటండీ" అనేవారు. ఇంటికెళ్లాక ఎవరికి వారు ఫోన్ చేసి, తమకేం కావాలో చెప్పి, "మిగతా ఇద్దరికీ తెలియనివ్వకండి" అనేవారు. ఆయన ఎవరినీ నొప్పించలేని మనిషి. ముగ్గురికీ సరేనన్నాడు. ఎవరి రహస్యం ఏదో కలగాపులగం కాకుండా, ప్లానులో గదులకూ గోడలకూ పెట్టే పేర్ల దగ్గరే రాసుకున్నాడు. పాత సాఫ్ట్‌వేర్‌లో ఆ పేర్లు పనిగట్టుకుని నొక్కితే తప్ప బయటపడేవి కావు.

తొమ్మిదింటికి, ఆఫీసు వ్యవహారాలు చూసే ఆయన భార్య కంప్యూటర్‌లో కొత్త వెర్షన్ ఎక్కించింది.

"చూడండి, పాతదాంట్లో గోడకీ బల్లకీ తేడా తెలిసేది కాదు."

నిజమే. నిన్నటిదాకా ప్లాను చీమలబారులా ఉండేది. ఇప్పుడు గోడలు నల్లగా, నిండుగా ఉన్నాయి. తలుపు ఎటు తెరుచుకుంటుందో, మెట్లు ఎటు ఎక్కుతాయో చంటిపిల్లకైనా అర్థమవుతుంది. ఆయన మురిసిపోయాడు.

పదకొండింటికి వచ్చినవాళ్లూ మురిసిపోయారు. "ఇల్లు కళ్లకు కట్టినట్టుంది" అంది కోడలు. అత్తగారు కళ్లద్దాలు సవరించుకుంది.

"నా గది గోరంత కనిపిస్తోంది. కాస్త దగ్గరికి జరపండి బాబూ."

ఆయన మౌసు చక్రం తిప్పాడు. కొత్త వెర్షన్‌కు ఒక సుగుణం ఉంది. దగ్గరికి వెళ్లేకొద్దీ వివరాలు తనంతట తానే రాసి చూపిస్తుంది. ఆ సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది. అత్తగారి గదికీ కోడలి గదికీ మధ్య అక్షరాలు తేలాయి: "అత్త దగ్గు వినపడని గోడ. 14 అంగుళాలు."

"ఎవరి దగ్గు?" అంది అత్తగారు.

"అది మా వృత్తిలో మాటండీ. అత్త అంటే దూలం."

"దూలానికి దగ్గేమిటి?" అన్నాడు కొడుకు.

"పాతబడితే వస్తుంది" అన్నాడు ఆర్కిటెక్టు. అత్తగారి మొహం ఇంకాస్త ముడుచుకుంది.

వెనక్కి జరపబోయి, కంగారులో చక్రం ముందుకే తిప్పాడు. మెట్ల కింద ఇంకో పేరు వెలిసింది: "అబ్బాయి దాక్కునే గది. తలుపు గోడలా కనిపించాలి. ఏసీ."

"ఎవరి నుంచి దాక్కుంటారండీ?" అంది కోడలు.

"నేనెందుకు దాక్కుంటాను? అది చీపుళ్లు పెట్టుకునే గది."

"చీపుళ్లకు ఏసీయా?"

"నాకు తెలుసు, నేను మీకు బరువైపోయాను" అని అత్తగారు కొంగు కళ్లకు అద్దుకుంది. కోడలు తల దించుకుంది. కొడుకు గది కప్పును పరిశీలించాడు.

సరిగ్గా అప్పుడే ఆర్కిటెక్టు భార్య మూడు పెద్ద కాగితాలతో లోపలికొచ్చింది. "ప్రింటు అద్భుతంగా వచ్చిందండీ! ఒక్క అక్షరం కూడా పోలేదు" అంటూ తలా ఒకటి పంచిపెట్టింది.

కాగితం మీద దగ్గరికి జరపాల్సిన పని కూడా లేదు. అత్తగారి గదిలో స్పష్టంగా ఉంది: "పెద్దావిడకు వేరే పొయ్యి, వేరే వాకిలి. వీళ్లతో వేగలేకపోతున్నారట."

కొంగు కళ్ల మీద నుంచి దిగింది. ఏడు నెలల శ్రమ ఏట్లో కలిసిందనుకుని ఆర్కిటెక్టు నెమ్మదిగా పెన్ను మూత పెట్టేశాడు.

"బాబూ, ఆ గోడకు పద్నాలుగు అంగుళాలు చాలవు" అంది అత్తగారు చివరికి. "పద్దెనిమిది చెయ్యండి. వీళ్ల టీవీ మోతకు నాకూ నిద్ర ఉండటం లేదు."

"అత్తయ్యకు ఒక్క పొయ్యితో ఎలా అవుతుంది? సింకు కూడా పెట్టండి" అంది కోడలు. "ఆ మెట్ల కింద గదిని ఇంకో పదడుగులు పెంచండి. ఆయన కాళ్లు చాపుకుని అక్కడే ఉంటే నాకూ హాయి."

"నిజంగానా?" అన్నాడు కొడుకు, ఆనందం ఆపుకోలేక.

కొడుకు పెళ్లయిన ఈ పదేళ్లలో ముగ్గురూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి. మార్పులు రాసి, ఆర్కిటెక్టు కాగితం అటు తిప్పేలోపే సంతకాలు పడిపోయాయి.

వెళ్తూ వెళ్తూ, గుమ్మం పక్కన పేరు పలకకు చోటు వదలమన్నారు. ఇంటికి పెట్టే పేరు "అనుబంధం" అట.