వానను పసిగట్టిన కారు

పొద్దున్నే టీ తాగి, ఎండ ముదరక ముందే కోసిగి నుంచి కడపకు బయలుదేరాలనుకున్నాడు వీరభద్ర. కొత్తగా కొన్న పాత కారును అత్త మహాదేవమ్మకు చూపించడానికే వచ్చాడు. తీరా తాళం తిప్పగానే వైపర్లు వాటంతటవే ఊగసాగాయి. మీట తిప్పినా, తాళం తీసినా ఆగలేదు. పొడి అద్దం మీద దుమ్మును ఈడుస్తూ కిర్రుకిర్రుమన్నాయి.

మహాదేవమ్మ ఆకాశం వైపు చూసింది. మబ్బు తునక లేదు.

"ఏమల్లుడా, అవెందుకు ఊగుతాండాయి?"

డొక్కు కారు కొన్నానని ఒప్పుకోవడానికి వీరభద్రకు నోరు రాలేదు. "ఇది శానా తెలివైన కారు అత్తా. వాన యాడున్నా ముందే పసిగడతాది" అన్నాడు.

ఆమె అలాగే నిలబడిపోయింది. ఇంట్లో ఉన్నది ఒక్క విత్తుకు సరిపడే వేరుశెనగ విత్తనం. తడి పదునులేని నేలలో వేస్తే చీమల పాలవుతుంది. అందుకే ఇన్నాళ్లూ వాన కోసం ఆగింది. వైపర్లకు దండం పెట్టి, వెనక వాకిట్లోంచి మూటెత్తించుకుని చేనుకు పోయింది. బానెట్‌లో తల దూర్చిన అల్లుడికి ఈ సంగతే తెలియదు.

మెకానిక్ గోపన్న వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మహాదేవమ్మ పోతూ పోతూ చెప్పిన మాట విని అప్పటికి వీధంతా కారు చుట్టూ చేరింది. పక్కింటి గురమ్మ బానెట్‌కు పసుపూ కుంకుమా పెట్టేసింది.

"గోపన్నా, ముట్టుకోవాకు! వాన ఎనక్కి పోతాది!" అని అడ్డుపడింది.

"వానా లేదు, గీనా లేదు. తీగ ఒరుసుకుపోయి ఇంకో తీగకు తగులుకోనుండాది, అంతే."

తీగలు విడదీసి టేపు చుట్టాడు. వైపర్లు ఆగిపోయాయి. జనం ఉసూరుమన్నారు.

అప్పుడే మహాదేవమ్మ ఖాళీ గోనెసంచి దులుపుకుంటూ వచ్చింది. "విత్తేసినా అల్లుడా, ఒక్క గింజ మిగల్లేదు."

వీరభద్ర ఆమె చేతిలోని ఖాళీ సంచి వైపు చూశాడు. "అత్తా... నేను అబద్ధం చెప్పినా. కారు చెడిపోయిండాది."

ఆమె సంచి మడిచి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

ముందు గాలి మారింది. తరువాత మట్టి వాసన. ఎండకు కాలిన బానెట్ మీద ఒక చినుకు చుయ్‌మంది. ఆ వెంటనే ఆకాశమంతా ఒక్కసారిగా కిందికి దిగింది. ఎవరూ చూరు కిందికి పరుగెత్తలేదు. తడిసిన తలలతో, చేతులు జోడించి కారునే చూస్తూ నిలబడ్డారు. మహాదేవమ్మ ముఖం మీద కారుతున్నవి చినుకులో కన్నీళ్లో ఆమెకే తెలియలేదు. గోపన్న కూడా స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని దండం పెట్టాడు.

తరువాత మీట తిప్పి చూశాడు. వైపర్లు కదల్లేదు. పొద్దుటి నుంచి పొడి అద్దాన్ని గీకీ గీకీ మోటారు కాలిపోయింది.

"చెప్పాల్సింది పొద్దున్నే చెప్పేసె గదప్పా, ఇంకెందుకు ఊగుతాది?" అంది గురమ్మ.

వీరభద్ర కిటికీలోంచి చెయ్యి చాపి, తువ్వాలుతో అద్దం తుడుచుకుంటూ కడప దారి పట్టాడు.